టాప్ చార్టులో ముందున్న సైన్స్ పాడ్‌కాస్టే వినదగ్గదా?

అలా ఏమీ లేదు, చార్టులో స్థానం ఒక పాడ్‌కాస్ట్‌కు ఇప్పుడు ఎంత ఆదరణ ఉందో చెబుతుందే తప్ప, అందులో చెప్పే సైన్స్ ఎంత సరైనదో చెప్పదు.

ఆపిల్ పాడ్‌కాస్ట్స్ చార్టునే తీసుకోండి. ఎంతమంది వింటున్నారు, ఎంతమంది ఫాలో అవుతున్నారు, మొదలుపెట్టినవాళ్లు ఎపిసోడ్‌ను చివరిదాకా వింటున్నారా అన్నవే అది ప్రధానంగా చూస్తుంది. చెప్పింది నిజమా కాదా అన్నది ఆ లెక్కలోకే రాదు.

అందుకే షోలో చెప్పే పరిశోధన చేసినవాళ్లే మాట్లాడుతున్నారా, అది ఎక్కడ అచ్చయిందో చెబుతున్నారా అని మనమే చూసుకోవాలి. ఉదాహరణకు, 1869లో మొదలైన 'నేచర్' పత్రిక వాళ్ల నేచర్ పాడ్‌కాస్ట్‌లో కొత్తగా అచ్చయిన పరిశోధనల గురించి వాటిని చేసిన శాస్త్రవేత్తలనే మాట్లాడిస్తారు. ఆ పరిశోధన పేపర్ లింకు ఎపిసోడ్ వివరణలో ఉంటుంది. డౌటొస్తే కనీసం పేపర్ సారాంశమైనా ఉచితంగా చదువుకోవచ్చు. నా దృష్టిలో ఏ మంచి సైన్స్ షోకైనా ఇదే అసలైన గుర్తు.

చాలామంది పొరబడేది స్టార్ల దగ్గర. ఐదు స్టార్లు ఎక్కువగా వస్తే షో చార్టులో పైకెళ్తుందని అనుకుంటారు, కానీ ఆపిల్ చార్టు లెక్కలో రేటింగులు, రివ్యూలు ఉండవు. స్టార్లు ఉన్నాయంటే వినేవాళ్లకు నచ్చిందని మాత్రమే అర్థం. ఆహారం, ఆరోగ్యం గురించిన షోల్లో ఈ తేడా ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే అక్కడ విన్నది నేరుగా మన కంచంలోకి వస్తుంది.