పక్షవాతంతో పడిపోయిన చెయ్యిని మెదడు సిగ్నల్స్‌తో కదిలించవచ్చా?

ప్రశ్న: బరంపురంలో ఉంటాం. నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడాది కావస్తోంది, కుడి చెయ్యి లేవడం లేదు. తలకి టోపీ పెట్టి, అనుకుంటే చాలు చెయ్యి కదిలించే మెషిన్ ఉందంటున్నారు. నిజమేనా?

నిజమే. అలాగని అది ఆలోచనలు చదవదు. పిడికిలి బిగిస్తున్నట్టు మనసులో ఊహించుకున్నా సరే, కదలికను నడిపే మెదడు భాగం మీద సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే, మ్యూ అనే విద్యుత్ తరంగం బలహీనపడుతుంది. టోపీలోని ఎలక్ట్రోడ్లు, అంటే మెదడు సిగ్నల్స్‌ని అందుకునే చిన్న బిళ్లలు, ఆ తగ్గుదలను పట్టుకుంటాయి. వెంటనే కంప్యూటర్ చేతికి తొడిగిన రోబో గ్లవ్‌ను కదిలిస్తుంది, లేదా ముంజేతి కండరానికి కొద్దిగా కరెంటు ఇస్తుంది. కిటుకంతా టైమింగ్‌లోనే ఉంది. అనుకున్న క్షణంలోనే చెయ్యి కదిలి, ఆ స్పర్శ మెదడుకు చేరితే మిగిలిన నరాల దారులు గట్టిపడతాయని దీని వెనకున్న లెక్క.

ఇప్సీహ్యాండ్ అనే ఇలాంటి పరికరానికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో అనుమతిచ్చింది, స్ట్రోక్ వచ్చి 6 నెలలు దాటిన పెద్దవాళ్ల కోసం. తమాషా ఏమిటంటే, అది దెబ్బతినని వైపు మెదడు సిగ్నల్స్‌ని వాడుకుంటుంది.

ఆన్‌లైన్‌లో దొరికే చవక గ్లవ్‌లు చాలావరకు గాలితో వేళ్లు ముడిచి తెరిచేవే, మెదడుతో వాటికి సంబంధం లేదు. కొనేముందు చూసుకోండి. ఏ మెషిన్ వాడినా ఫిజియోథెరపీ మాత్రం ఆపకండి. పావురం రక్తం రాయమనే వాళ్లుంటారు, దండం పెట్టి పంపించేయండి. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది. స్కాన్ రిపోర్టులన్నీ పట్టుకుని నాన్నగారిని ఒకసారి అక్కడ చూపించండి.