ఊరికంటే ముందు అమ్మకు చెప్పండి

ప్రశ్న: నాకు 32 ఏళ్ళు, నా సహచరికి 30, ఇద్దరం ఆడవాళ్ళమే. ఆరేళ్ళుగా ఒకరికొకరం తోడుగా ఉన్నాం, నాలుగేళ్ళుగా మా పల్లెటూరి ఇంట్లో అమ్మతో కలిసి ఉంటున్నాం. నేను వ్యవసాయం చేస్తాను, ఆమె బట్టలు కుడుతుంది. మేము స్నేహితులమని ఊరంతా అనుకుంటోంది. అమ్మ మళ్ళీ పెళ్ళి మాట ఎత్తుతోంది. విషయం బయటపడితే తల ఎత్తుకోలేమని అన్నయ్య ఒకసారి అన్నాడు. మాకు ఒక బిడ్డ కావాలని ఉంది. ఊరు మమ్మల్ని ఒక కుటుంబంగా ఒప్పుకోవాలంటే ఏం చేయాలి? అందరికీ చెప్పేయాలా, పట్నం వెళ్ళిపోవాలా? నలుగురిలో ఆమెను ఎవరని పరిచయం చేయాలి?

జవాబు: మీరు పంపిన పూర్తి ఉత్తరంలో ‘ఊరు ఒప్పుకోవాలి’ అన్న మాట మూడుచోట్ల ఉంది, ‘అమ్మ ఒప్పుకోవాలి’ అన్నది ఒక్కచోట కూడా లేదు. అమ్మగారి విషయం తేలిక అనుకుని వదిలేశారో, అన్నింటికంటే కష్టం అనుకుని పక్కన పెట్టారో నాకు తెలియదు కానీ, నేను మాత్రం అక్కడి నుంచే మొదలుపెడతాను. ఊరంతా ఒకచోట కూర్చుని ఎవరినీ ఒప్పుకోదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక మనిషిని తమ మనిషిలా చూస్తుంటే, గుసగుసలాడినవాళ్ళు కూడా కొన్నాళ్ళకు అదే వరస అందుకుంటారు.

అమ్మగారికి ఏమీ తెలియదని నేను అనుకోను. నాలుగేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నావిడ మీలో ఒకరికి జ్వరమొస్తే రెండోవారు ఎలా తల్లడిల్లారో చూసే ఉంటారు. తాను చూసినదానికి ఆవిడ దగ్గర పేరు లేకపోవచ్చు, లేదా ఆ పేరు వినడానికి భయం ఉండవచ్చు. పెళ్ళి మాట వెనుక చాలాసార్లు ‘నేను పోయాక దీన్నెవరు చూస్తారు’ అన్న దిగులు ఉంటుంది. మీరు ఇన్నాళ్ళూ ‘నాకు పెళ్ళి వద్దు’ అని మాత్రమే చెబుతూ వచ్చారు, దానివల్ల ఆ దిగులు తీరదు. ‘నన్ను చూసుకునే మనిషి ఉంది, ఆమె ఇదిగో’ అని చెబితే కనీసం ఆవిడ భయానికి సమాధానం దొరుకుతుంది. ఆ మాట ఇద్దరూ కలిసి కాకుండా, మొదట మీరొక్కరే, తీరిక ఉన్న పూట చెప్పండి. ఆవిడ ఏడవవచ్చు, కొన్ని వారాలు మాట్లాడకపోవచ్చు. దాన్ని కాదనడంగా లెక్కకట్టకండి, మీకు మీరు అర్థం కావడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

అయితే ఆ మాట నోటి నుంచి రాకముందే ఇంకో పని ఉంది. మీరుండే ఇల్లు, చేసే పొలం ఎవరి పేరున ఉన్నాయో మీరు రాయలేదు. రేపు అన్నగారు బయటికి పొమ్మంటే ఎక్కడికి వెళతారో, చేతిలో ఎన్ని నెలలకు సరిపడా డబ్బు ఉందో ముందే తేల్చుకోండి. గుర్తింపు పత్రాలు మీ దగ్గరే ఉంచుకోండి, విషయం తెలిసిన నమ్మకస్తులు ఒక్కరైనా ఊరి బయట ఉండేలా చూసుకోండి. ఇవి సమకూరేదాకా చెప్పకుండా ఉంటే దాన్ని నేను పిరికితనం అనను.

ఎవరైనా బెదిరిస్తే మీ పక్షాన చట్టం ఎంతవరకు ఉందో కూడా తెలిసి ఉండాలి. పెద్దవాళ్ళయిన ఇద్దరి ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు ఇచ్చింది. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తొలగించింది. దాన్ని మార్చడానికి ‘చికిత్స’ చేయడం వైద్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. కాబట్టి డాక్టరు దగ్గరికో, స్వామీజీ దగ్గరికో తీసుకెళ్ళి ‘బాగు చేయిస్తాం’ అంటే ఒప్పుకోకండి. బలవంతంగా ఇంట్లో నిర్బంధిస్తే మీ తరఫున మరొకరు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే అర్జీ) వేయవచ్చు.

స్వలింగ వివాహానికి మాత్రం మన దేశంలో చట్టబద్ధత లేదు. 2023 అక్టోబరు 17 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఆ పని పార్లమెంటుదేనని వదిలేసింది. అందువల్ల మీలో ఒకరు పోతే, వీలునామా లేనప్పుడు, రెండోవారికి వారసత్వంగా ఏమీ రాదు. ఇద్దరు సాక్షుల సంతకాలతో చెరొక వీలునామా రాయండి. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, సహచరిని నామినీగా పెట్టడానికి ఎలాంటి అడ్డంకీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది కనుక బ్యాంకు పని కూడా ఈ నెలలోనే ముగించవచ్చు.

బిడ్డ విషయంలో మీకు తీపి మాటలు చెప్పలేను. పెళ్ళి కాని జంట కలిసి దత్తత తీసుకోవడం కుదరదు. ఒంటరి మహిళ దరఖాస్తు చేయవచ్చు కానీ, వివాహం లేకుండా సహచరితో కలిసి ఉంటున్నవారిని అర్హులుగా చూడబోమని కేంద్ర దత్తత సంస్థ 2022లో సర్క్యులర్ ఇచ్చింది. ఇంటి పరిశీలనకు వచ్చే సామాజిక కార్యకర్త దగ్గర నిజం దాచి బిడ్డను తెచ్చుకోమని నేను చెప్పను. రేపు ఎవరో ఫిర్యాదు చేస్తే నలిగేది ఆ పసిప్రాణమే. సంతాన సాఫల్య సేవల గురించిన 2021 నాటి చట్టం 21 ఏళ్ళు దాటిన, 50 ఏళ్ళ లోపు ఒంటరి మహిళకు ఆ సేవలు పొందే వీలు ఇచ్చింది. అప్పుడు కన్న తల్లి ఒక్కరే చట్టం దృష్టిలో తల్లి. రెండోవారిని సంరక్షకురాలిగా నియమిస్తూ ఆ తల్లి వీలునామా రాయాల్సి ఉంటుంది, ఆ పత్రం మంచి న్యాయవాదితో రాయించండి. అమ్మగారితో మాట పూర్తయి, ఇంటి వాతావరణం కుదుటపడ్డాకే ఈ అడుగు వేయమని నా సలహా, ఎందుకంటే ఆ బిడ్డకు మొదట కావలసింది ఎత్తుకునే అమ్మమ్మ.

పట్నం వెళ్ళాలా అన్నదానికి, మీ ప్రాణానికి ముప్పు ఉంటే వెంటనే వెళ్ళండి, లేకపోతే తొందరపడకండి. ఇక నలుగురిలో ఆమెను ఎవరని చెప్పాలని అడిగారు. ప్రస్తుతానికి ఏ వరసా తగిలించకుండా పేరు చెప్పండి, ‘మా ఇంట్లోనే ఉంటుంది’ అనండి. అది అబద్ధం కాదు. కొన్నాళ్ళకు ఆ మాట అమ్మగారి నోట వినబడితే, అప్పుడు నాకు మళ్ళీ రాయండి.