ఆ తొలి 500 ప్రతుల గురించి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పిల్లల నవల అందింది. ప్రచార ప్రణాళికను పైన పెట్టి కథను దాని అడుగున పెట్టావు కనుక ముందు ప్రణాళికే చదవవలసి వచ్చింది. అర్ధరాత్రి విడుదల, చివరిదాకా దాచిన ముఖచిత్రం, కథానాయకుడి బొమ్మలు, అన్నీ హ్యారీ పోటర్ దారిలోనే ఆలోచించానని రాశావు. నేను మనసు కష్టపెట్టుకున్నది ఆ మాట దగ్గరే.

1997 జూన్ 26న లండన్‌లో బ్లూమ్స్‌బరీ సంస్థ ఆ తొలి పుస్తకాన్ని గట్టి అట్టతో వేసినప్పుడు అచ్చయినవి 500 ప్రతులు. వాటిలో 300 దాకా గ్రంథాలయాలకే వెళ్లాయి. అంతకుముందు 12 మంది ప్రచురణకర్తలు దాన్ని తిప్పి పంపారు. సంస్థ అధిపతి మొదటి అధ్యాయాన్ని ఎనిమిదేళ్ల కూతురికి ఇస్తే, ఆ పిల్ల చదివి, తక్కిన కథ ఏదని వెంటపడింది. మూడో పుస్తకాన్ని 1999 జూలై 8న బ్రిటన్‌లో మధ్యాహ్నం 3:45కు విడుదల చేశారు, పిల్లలు దానికోసం బడి ఎగ్గొట్టకూడదని. నువ్వు కోరుకుంటున్న అర్ధరాత్రి సంబరం ఆ మరుసటి ఏడాది నాలుగో పుస్తకంతో వచ్చింది. అప్పటికి అమెరికాలో తొలి ముద్రణే 38 లక్షలు. 2007 జూలై 21న వచ్చిన ఏడో పుస్తకం అక్కడ 24 గంటల్లో 83 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. గడువుకు ముందు పెట్టెలు విప్పబోమని దుకాణదారుల చేత సంతకాలు చేయించుకున్నారు. ఆ ప్రచారం పనిచేయలేదని నేననను. అయితే ఎదురుచూసే పిల్లలు అప్పటికే లక్షల్లో ఉన్నారు కనుక దాచడం ఫలించింది. నీ పుస్తకం కోసం ఇంకా ఎవరూ ఎదురుచూడడం లేదమ్మా.

నా మొదటి పుస్తకాన్ని అప్పు చేసి వెయ్యి ప్రతులు వేయించాను. ఆవిష్కరణ సభలో నలుగురు వక్తలు మాట్లాడారు, శాలువాలు కప్పారు, హాలులో ఒక్క పిల్లవాడు లేడు. అంతకుముందు ఒక వారపత్రిక సంపాదకుడు చివర నీతి చేర్చమని నా కథలను మూడుసార్లు తిప్పి పంపాడు. చేర్చి పంపితే, ప్రకటన వచ్చిందని పిల్లల పేజీనే ఎత్తేశాడు. ఇప్పటికీ ఆయన్ని క్షమించలేకపోతున్నాను. ఆ వెయ్యి ప్రతులూ మంచం కింద చెదలు పడుతుంటే, సంచిలో పాతిక వేసుకుని బస్సెక్కి ఒక పల్లెటూరి బడికి వెళ్లి, మధ్యాహ్న భోజనం వేళ చెట్టు కింద చదివి వినిపించాను. నేను గొప్పగా రాశాననుకున్న ఆరో అధ్యాయం దగ్గర పిల్లలు మట్టిలో గీతలు గీయడం మొదలుపెట్టారు. ఇంటికి వచ్చి ఆ అధ్యాయమంతా కొట్టేశాను. రెండో ముద్రణ అడిగింది ఆ చుట్టుపక్కల బడుల పంతుళ్లే.

నీ ఏడో అధ్యాయంలో అమ్మమ్మ నిద్రపోతుంటే పిల్లవాడు చీకట్లో ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తాడే, అక్కడ నేను చదవడం ఆపి కాసేపు లేచి తిరిగాను. దాని కిందనే పిల్లవాడి భయాన్ని నాలుగు వాక్యాల్లో వివరించావు. అవి అక్కర్లేదు.

ముఖచిత్రం, ధర గురించి నువ్వడిగినవాటికి ఇప్పుడు జవాబు రాయను. ప్రణాళిక కాగితాలు నా దగ్గరే ఉంచుకుని నవల ఒక్కటే పోస్టులో తిప్పి పంపుతున్నాను. మీ వీధి పిల్లలను పదిమందిని కూర్చోబెట్టి గట్టిగా చదువు. వాళ్లు ఎక్కడ కదిలారో పక్కన పెన్సిల్‌తో గుర్తుపెట్టి, ఆ ప్రతినే మళ్లీ నాకు పంపు.