లంగరు వేసేముందు లోతు చూసుకో, చిట్టితల్లీ

చిట్టితల్లీ,

సెప్టెంబరులో స్నేహితులతో గ్రీసు వెళ్లి, సెయిలింగ్ పడవ అద్దెకు తీసుకుని అయోనియన్ దీవులు చుట్టి వస్తావటగా! పడవ నడిపేది కూడా నువ్వేనట. మీ అమ్మ ఆ మాట చెప్పినప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నా మేనకోడలు స్కిప్పరైందని అందరికీ చెప్పుకుంటున్నాను. రాత్రయితే మాత్రం నిద్ర పట్టడం లేదు.

చోటు మంచిదే ఎంచుకున్నావు. లెఫ్కాదా దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య నీళ్లకు కొండలే కాపలా. మెగనీసి, కాలమోస్, కాస్తోస్ దీవులు దగ్గరదగ్గరగానే ఉంటాయి. ఆటుపోట్లు ఉన్నా లేనట్టే. వేసవిలో పొద్దున గాలి పెద్దగా ఉండదు. మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి 'మాయిస్ట్రో' అనే గాలి లేచి, చీకటి పడ్డాక తగ్గిపోతుంది. పెందలాడే బయల్దేరితే గాలి ముదరకముందే రేవులో చోటు దొరుకుతుంది.

నీ లైసెన్సుతోపాటు, పడవ పని తెలిసిన రెండో మనిషి ఎవరో కూడా అడుగుతారు. ఆ కాగితాలు ముందే పంపు.

వారంలోనే ఇతాకా, కెఫలోనియా, జాకింథోస్ అన్నీ చూసెయ్యాలని మీవాళ్లు పట్టుబడతారు. ఒప్పుకోకు. అలాంటి పడవ గంటకు 5 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 9 కిలోమీటర్లు పోతే గొప్ప. జాకింథోస్ దక్షిణాన ఉంది, పోయేటప్పుడు గాలి తోస్తుంది, వచ్చేటప్పుడు అదే గాలి ముఖం మీద కొడుతుంది. పడవ అప్పగించే ముందురోజు రాత్రికి దాని సొంత రేవు దరిదాపుల్లో ఉండాలి.

ఇక అసలు సంగతి. ఒకసారి మేము కాలమోస్ పక్కన ఒక చిన్న వంపులో లంగరు వేశాం. చుక్కాని దగ్గర ఉన్నది మా స్నేహితుడు. లోతు చూపించే మీటరు 3 మీటర్లు అంది. లోతుకు అయిదింతల గొలుసు వదలాలని అతనికి తెలుసు, 15 మీటర్లు వదిలాడు. లెక్క తప్పు లేదు కదా అనిపిస్తుంది. కానీ ఆ మీటరు చూపిస్తున్నది పడవ అడుగున రెక్కలా కిందికి దిగి ఉండే కీల్ కింది నీళ్లను. కీల్ ఇంకో 2 మీటర్లు. గొలుసు దిగేది పడవ ముక్కు నుంచి, అది నీటిమట్టానికి ఒక మీటరు ఎత్తు. మొత్తం 6 మీటర్లు, అంటే 30 మీటర్ల గొలుసు పడాల్సిన చోట సగమే పడింది. గొలుసు నేల మీద పడుకోకపోతే లంగరును పక్కకు కాదు, పైకి లాగుతుంది.

అర్ధరాత్రి ఉరుములతో గాలి దిక్కు మార్చుకుని వచ్చింది. నేను ముందుకు పాకి గొలుసు మీద చెయ్యి వేశాను. పట్టిన లంగరు గొలుసు బిగుసుకుని ఊరుకుంటుంది. ఇది అరచేతి కింద గరగరా వణికింది. లంగరు నేలను గీరుకుంటూ జారుతోంది! వెనక్కి టార్చి వేస్తే రాళ్లు. ఇంజను వేసి, వానలో లంగరు ఎత్తి, బయటి నీళ్లలోకి పోయి తెల్లవార్లూ తిరుగుతూనే ఉన్నాం.

అందుకే పడవ చేతికిచ్చేటప్పుడు అడుగు: మీటరు చూపించే అంకె నీటిమట్టం నుంచా, కీల్ కింద నుంచా? ముక్తసరిగా తలూపితే ఊరుకోకు, మళ్లీ అడుగు. గొలుసు మీద మీటర్ల గుర్తులు ఎలా వేశారో చూసుకో. లంగరు ఇసుక మీద వెయ్యి. నల్లగా కనిపించేది సముద్రపు గడ్డి, అందులో సరిగ్గా గుచ్చుకోదు, గడ్డీ పాడవుతుంది. వేశాక ఇంజనుతో మెల్లగా వెనక్కి లాగి, ఒడ్డున చెట్టూ వెనక కొండా ఒకే వరసలో పెట్టి చూడు. ఆ వరస చెదిరితే జారుతున్నావు. సిగ్గుపడకుండా ఎత్తి మళ్లీ వెయ్యి. పక్క పడవలవాళ్లు చూస్తే చూడనీ.

సెప్టెంబరులో ఉరుముల వానలు మొదలవుతాయి. రోజూ రెండుసార్లు వాతావరణం చూడు. ఎవరు నీళ్లలోకి దూకినా ముందు ఇంజను పూర్తిగా ఆగాలి, తాళంచెవి నీ జేబులో ఉండాలి. ఇందులో స్నేహం, మొహమాటం వద్దు. నువ్వు మెత్తని పిల్లవు, గట్టిగా చెప్పలేవని నా బెంగ. చెప్పు తల్లీ. పడవ మీద నీ మాటే చెల్లాలి.

ఏ రాత్రి ఎక్కడ ఆగాలనుకుంటున్నావో, గాలి మారితే ఏ రేవుకు పోతావో రెండూ రాసి పంపు. సముద్రపు చార్టు ముందు పెట్టుకుని కూర్చుంటాను, ఫోనులో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య