ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పర్యావరణహితమైన బడి: ప్లాన్ గీసే ముందే చూసుకోవాల్సినవి

ప్రశ్న: దేవరకొండ దగ్గర ఎకరం జాగాలో 40 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు బడి కడదామనుకుంటున్నాం. పర్యావరణానికి హాని లేకుండా ఉండాలి. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: సోలార్, ఇంకుడు గుంత, చెట్ల గురించి ఏ ఇంజినీరైనా చెప్తాడు. పర్యావరణానికి మంచిదని పెట్టిందే పిల్లలకు అడ్డం పడే చోట్లే అసలు చిక్కు.

వాన నీళ్లు ఇంకాలని ఆవరణలో కంకర పరుస్తారు, లేదంటే గడ్డి మొలిచే బొక్కల టైల్స్ వేస్తారు. కంకరలో వీల్‌చైర్ ముందు చక్రాలు కూరుకుపోతాయి, బొక్కల్లో చంకకర్ర మొన దిగబడుతుంది. గేటు నుంచి తరగతికి, అక్కడి నుంచి మరుగుదొడ్డికి 5 అడుగుల వెడల్పు గట్టి బాట వేసి, మిగతాదంతా మట్టికే వదిలేయండి. బాటను ఒక పక్కకు 50కి 1 వంతున వాలిస్తే నీళ్లు ఆ మట్టిలోకే పోతాయి. దగ్గరలో దొరికే తాండూరు బండలు చాలు, కానీ పాలిష్ పట్టనివే తీసుకోండి. పాలిష్‌వి తడిస్తే జారుతాయి, ఎండకు మెరిసి చూపు తక్కువున్న పిల్లలను ఇబ్బంది పెడతాయి.

బేస్‌మెంట్ ఎత్తు పెంచకండి. ర్యాంప్ వాలు 12కి 1 ఉండాలి: 18 అంగుళాల ఎత్తుకు 18 అడుగుల పొడవు, 3 అడుగులకైతే 36 అడుగులు, మధ్యలో ఆగడానికి చదును అదనం. నీళ్లు నిలవని జాగా అయితే తక్కువ ఎత్తే మేలు, సిమెంటూ మిగులుతుంది.

గోడలకు రాట్ ట్రాప్ బాండ్ మంచిది. ఇటుకను నిలబెట్టి మధ్యలో బోలు వదిలే ఈ కట్టుబడిలో ఇటుక దాదాపు నాలుగో వంతు మిగులుతుంది, వేడి కూడా లోపలికి తక్కువ వస్తుంది. కానీ ఆ బోలు గోడకు మరుగుదొడ్లో పట్టుకునే కడ్డీ బిగిస్తే బరువు పడగానే స్క్రూలు ఊడొస్తాయి. కడ్డీలు వచ్చే చోట గోడ నిండుగా కట్టించాలి. ఈ సంగతి డ్రాయింగ్‌లోనే రాసి మేస్త్రీకి ఇవ్వండి, ప్లాస్టరింగ్ అయ్యాక ఎక్కడ బోలో ఎవరికీ తెలియదు.

పైకప్పుకు రేకులు మాత్రం వద్దు. వేడి ఒక ఎత్తు, వాన చప్పుడు ఇంకో ఎత్తు. శబ్దం పడని ఆటిజం పిల్లలు చెవులు మూసుకుంటారు, వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్లకు టీచర్ మాట ఆ చప్పుడులో కలిసిపోతుంది. డాబా వేసి, ఎండను వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత పూయించండి. గాలి కోసం పెట్టే జాలీలు తలుపు ఎత్తుకు పైనే, అదీ ఉత్తరం వైపే పెట్టాలి. కింద పెడితే నేల మీద చారల నీడలు పడతాయి, చూపు తక్కువున్న పిల్లలు వాటిని మెట్లనుకుని ఆగిపోతారు.

ఇక నీళ్లు. నల్లగొండ జిల్లా కాబట్టి ఫ్లోరైడ్ పరీక్ష చేయించకుండా బోరు నీళ్లు తాగడానికీ వంటకూ వాడొద్దు. లీటరుకు 1 మి.గ్రా. దాటొద్దు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బదులుగా వాన నీళ్లు పట్టుకోవచ్చు: 100 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 700 మి.మీ. వాన పడితే, ఐదో వంతు నష్టం పోను 56 వేల లీటర్లు పట్టొచ్చు. సిబ్బందితో కలిపి 50 మందికి రోజుకు 3 లీటర్ల చొప్పున, వానలు ఆగాక 120 బడి రోజులకు 18 వేలు కావాలి. కాబట్టి 20 వేల లీటర్ల సంపు చాలు. ప్రతి వానలో మొదటి 200 లీటర్లు బయటికి వదిలేసే పైపు పెట్టండి, డాబాకు పూత కొత్తగా పూసిన ఏడాది మొదటి రెండు మూడు వానలు పట్టొద్దు. సంపు మూత నేలకు సమంగా ఉండాలి, తాళం వేయాలి. బోరు నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ మిషన్ పెడితే, అది వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, కూరగాయల మళ్లకు కాక మరుగుదొడ్లకు మళ్లించండి.

నీళ్లు ఆదా అని నొక్కుడు ట్యాప్‌లు పెడతారు, వేళ్లలో బలం లేని పిల్లలు వాటిని నొక్కలేరు. పొడుగు లివర్ ట్యాప్‌కి నీటి ధార తగ్గించే జాలి బిగిస్తే రెండు పనులూ అవుతాయి. మరుగుదొడ్లో సెన్సర్ లైటూ వద్దు, కదలకుండా కూర్చున్న పిల్లాడి మీద చీకటి పడుతుంది.

చెట్లలో గన్నేరు, ఉమ్మెత్త విషం, ఏదైనా నోట్లో పెట్టుకునే పిల్లలుంటారు. నీడకు కానుగ బాగుంటుంది కానీ దాని గింజలు కూడా తింటే విషమే, కాయలు చంకకర్రల కింద పడతాయి, అందుకే బాటకూ పిల్లలు ఆడే చోటికీ దూరంగా నాటండి.