పప్పు తగ్గించొద్దు, ముందు నూనె లెక్క చూడండి

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు వేదాయపాళెం. ఇంట్లో నలుగురం, నేను, మా ఆయన, ఎనిమిది చదివే పాప, ఐదు చదివే బాబు. సరుకులు, కూరగాయలు, పాలు అన్నీ కలిపితే నెలకి పదిహేను వేలు దాటతా ఉండాయి. ఎంత చూసి చూసి వాడినా తగ్గట్లేదు. మా అత్తమ్మేమో పప్పు వారానికి రెండుసార్లే చెయ్యి, పిల్లలకి పాలు ఒక పూటే పొయ్యి అంటది. అట్ట చేస్తే పిల్లలు నీరసపడతారని నాకు భయంగా ఉండాది. తిండి తగ్గకుండా ఖర్చు ఎట్ట తగ్గించేది? పోయిన నెల చీటీ జత చేస్తన్నా.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: చెల్లెమ్మా, మీ భయం సరైందే, పప్పు పాలు మాత్రం ముట్టుకోవద్దు. మీ అత్తమ్మ ఇల్లు గడవాలనే చెప్తున్నారు, ఆమెతో గొడవ పెట్టుకోకుండా ఈ చీటీనే ఆమె పక్కన కూర్చుని ఇద్దరూ చదవండి, ఎందుకంటే డబ్బు పోతున్న చోటు అందులోనే కనపడుతోంది.

మీ చీటీలో నూనె 7 లీటర్లు ఉంది. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు, అంటే నలుగురికి 30 రోజులకి పంచితే మనిషికి రోజుకి 53 గ్రాములు పడుతోంది. హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజుకి 2000 కేలరీలు కావాల్సిన మనిషికి నూనె నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలన్నారు. అంటే మీ ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు. మీరు దానికి రెట్టింపు వాడుతున్నారు, నెయ్యి ఇంకా లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు పప్పుల సంగతి చూడండి. కందిపప్పు 2 కేజీలు, మినపప్పు ఒకటిన్నర, పెసరపప్పు అరకేజీ, మొత్తం 4 కేజీలు. ఇది మనిషికి రోజుకి 33 గ్రాములే. అదే సంస్థ పప్పులు, గుడ్లు, మాంసం, చేపలు అన్నీ కలిపి రోజుకి 85 గ్రాములు ఉండాలంటోంది. మీరు నెలకి రెండు డజన్ల గుడ్లు, రెండు ఆదివారాలు కోడికూర అని రాశారు, అవి కలిపినా మీ ఇంట్లో తక్కువయ్యేది ఇదే. అందుకే పప్పు తగ్గించమనడం నాకు అస్సలు ఇష్టంలేదు, నూనెలో మిగిలిన డబ్బుతో ఇంకో రెండు డజన్ల గుడ్లు, కేజీ అలసందలో పెసలో తెచ్చుకోండి అనే చెప్తాను.

నూనె ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే ఇంట్లో ఎవరూ తినరు, అది నాకు తెలుసు. ఈ నెలకి 5 లీటర్లే తెచ్చుకోండి, మధ్యలో అయిపోయినా అంగడికి పరిగెత్తకండి. సీసా వంచి పోసే అలవాటు మానేసి చెంచాతో కొలిచి పోయండి, తాలింపుకి రెండు చెంచాలు అనుకుంటే రెండే. వేపుళ్లకి ముందు కూరగాయని ఆవిరి మీద సగం ఉడికించి తర్వాత బాణలిలో వేస్తే నూనె చాలా తక్కువ పీలుస్తుంది, దొండకాయ, బీరకాయ, చిక్కుడు అన్నిటికీ ఇది పనిచేస్తుంది, వంకాయకి మాత్రం రుచి కొంచెం మారుతుంది కాబట్టి దాన్ని పులుసు పెట్టుకోండి. పూరీలు, బజ్జీలు వారానికి ఒక రోజుకి పరిమితం చేయండి, కాగిన నూనె మళ్లీ మళ్లీ కాచి వాడకండి, ఆదా పేరుతో ఆ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అది ఒంటికి మంచిది కాదు. విడి నూనె చవకని తెచ్చుకోవద్దు, విడిగా అమ్మడం చట్టప్రకారం కూడా కుదరదు, అందులో ఏం కలిపారో మనకి తెలీదు. ప్యాకెట్ కొనేటప్పుడు కూడా బరువు చూడండి, అన్నీ లీటరు ప్యాకెట్లలాగే కనపడతాయి గానీ కొన్నింటి మీద 850 గ్రాములు, 870 గ్రాములు అని ఉంటుంది, ధర తక్కువుందని చేతిలోకి తీసుకునేది అదే.

చీటీలో ఇంకో పెద్ద ఖర్చు బిస్కెట్లు, చిప్స్, నూడుల్స్, పాలల్లో కలిపే పొడి డబ్బా, ఇవన్నీ కలిపి 2,300 రూపాయలు. ఇది మీ కందిపప్పు ఖర్చు కన్నా ఎక్కువ. పాలల్లో కలిపే ఆ పొడి డబ్బా వెనక రాసింది చదవండి, చక్కెర ఎంతుందో కనపడుతుంది. ఆ డబ్బుతో రాగిపిండి, బెల్లం, వేరుశనగ గుండ్లు, పుట్నాలు వస్తాయి, పొద్దున రాగిజావ, సాయంత్రం ఉడకబెట్టిన శనగలో గుండ్లో పెట్టొచ్చు. పిల్లలు మొదటి వారం మారాం చేస్తారు, బిస్కెట్ ప్యాకెట్ ఒకటి ఉంచండి, పూర్తిగా ఎత్తేస్తే అంగడికిచ్చిన పది రూపాయలతో అదే కొనుక్కుంటారు.

పాలు రెండు పూటలా పోయండి. టీకి, పెరుగుకి ఫుల్ క్రీమ్ ప్యాకెట్ వాడుతున్నారు కదా, అందులో కొవ్వు 6 శాతం, టోన్డ్ పాలల్లో 3 శాతం, ప్రోటీన్‌లో మాత్రం పెద్ద తేడా లేదు. టీకీ తోడుకీ టోన్డ్ తెచ్చుకుంటే లీటరుకి కొన్ని రూపాయలు మిగులుతాయి, నెలంతా లెక్కేస్తే చిన్నమొత్తమేం కాదు.

ఆకుకూరలు మీ చీటీలో దాదాపు లేవు, ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. తోటకూర, గోంగూర, చుక్కకూర, పొన్నగంటి కట్టలు మార్కెట్లో అన్నిటికన్నా చవక, వీధిలో ఎవరింట్లో మునగచెట్టున్నా మునగాకు అడిగితే కాదనరు, పప్పులో ఆకు వేస్తే అదే పప్పు నలుగురికి సరిపోతుంది, పోషణ తగ్గదు, ఇంకా పెరుగుతుంది. రైతుబజారుకి పొద్దున పోతే లేత సరుకు దొరుకుతుంది, మూసేముందు పోతే ధర తగ్గించి ఇస్తారు గానీ ఆకుకూర మాత్రం వాడిపోయి ఉంటుంది, ఉల్లిపాయలు, దుంపలు, గుమ్మడికాయలాంటివైతే అప్పుడు తెచ్చుకోవచ్చు.

ప్రశ్న: మేడం, మేము ఒంగోల్లో ఉంటాం. బియ్యం బస్తా ఇప్పుడు 26 కేజీలు అంటున్నారు, మునుపు 25 కదా, ఇందులో ఏమన్నా మోసం ఉందా? కొత్త బియ్యం చవగ్గా వస్తున్నాయి, మా ఆవిడ పాతవే కావాలంటది, ఏవి తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అన్నా, 26 కేజీల బస్తా మోసం కాదు. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కేజీలు, అంతకన్నా తక్కువ ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతోంది, 25 దాటితే పడదు, అందుకే మిల్లులవాళ్లు 26కి మార్చారు. మీరు చేయాల్సింది ఒకటే, బస్తా ధరని 26తో భాగించి కేజీ రేటు చూడండి. పది కేజీల చిన్న సంచీ కొంటే ఆ పన్ను మీమీదే పడుతుంది. అట్టనే పప్పు, చక్కెర, సబ్బు ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కన గ్రాముకో కేజీకో ఎంత పడుతుందో ఇప్పుడు వేస్తున్నారు, అక్షరాలు చిన్నగా ఉంటాయి గానీ చూడండి, పెద్ద ప్యాకెట్ ప్రతిసారీ చవక కాదు.

కొత్త పాత విషయంలో మీ ఆవిడ మాట వినండి, కానీ కొత్తవే కొని ఇంట్లో పాతబెట్టుకోండి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, పాతవి బాగా ఒదుగుతాయి, అంటే అదే సోలెడు బియ్యానికి ఎక్కువ అన్నం వస్తుంది, అందుకే అంగట్లో పాతవాటికి ధర ఎక్కువ. నెల్లూరు వైపు కోతలు మార్చి, ఏప్రిల్ నెలల్లో జోరుగా ఉంటాయి, ధర కొంచెం దిగేది అప్పుడే. ఇంట్లో తడి తగలని చోటుంటే ఆరు నెలల బియ్యం అప్పుడు తీసుకుని మీ ఇంట్లోనే పాతబెట్టుకోండి. డబ్బాలో అడుగున, మధ్యలో బాగా ఎండిన వేపాకు, ఎండుమిరపకాయలు వేస్తే పురుగు అంత తొందరగా పట్టదు, చెయ్యి తడిగా ఉన్నప్పుడు మాత్రం డబ్బాలో పెట్టకండి.

రకం విషయానికొస్తే బ్రాండు పేరు కాకుండా వడ్ల రకం అడగండి. బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, మనం సాంబమసూరి అనేది, దానికి ధర ఎక్కువే. నెల్లూరు పరిశోధన కేంద్రం రకం ఎన్‌ఎల్‌ఆర్ 34449, నెల్లూరు మసూరి అంటారు, అది కూడా సన్నరకమే, తిని చూసి నచ్చితే రేటు పోల్చుకోండి. మరీ తెల్లగా మెరిసే డబుల్ పాలిష్ బియ్యానికి ఎక్కువ డబ్బు పెట్టడం నాకు నచ్చదు, పై పొరతోపాటు అందులో ఉన్న మంచి అంతా తవుడులోకి పోతుంది.

ఇంకోటి, మీకు రేషన్ కార్డుంటే ఆ బియ్యం కేజీ పది, పన్నెండు రూపాయలకి అమ్మేయకండి. అందులో అక్కడక్కడా వేరుగా కనపడే గింజల్ని చూసి ప్లాస్టిక్ అని పారేస్తున్నారు, అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన పోషక గింజలు, వందకి ఒకటి చొప్పున కలిపినవి. అన్నం నచ్చకపోతే దోసెలకీ ఇడ్లీరవ్వకీ వాడండి, అంతమేరా కొనే బియ్యం తగ్గుతుంది.

ప్రశ్న: అక్కా, కందిపప్పు, మిరపకాయలు, చింతపండు ఏడాదికి సరిపడా ఒకేసారి కొంటే లాభమా? ఒకేసారి అంత డబ్బు పెట్టలేం.
– ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: లాభమే, కానీ అప్పు చేసి కొనొద్దు, వడ్డీకే మిగిలింది పోతుంది. మీ ప్రాంతంలో కందులు, శనగలు పండుతాయి, కందికోతలయ్యాక సంక్రాంతి దాటిన రోజుల్లో, శనగలకి అయితే ఫిబ్రవరి, మార్చిలో రైతు దగ్గరే అడగండి. కందులు తెచ్చి పప్పు పట్టించుకుంటే పాలిష్ లేని పప్పు దొరుకుతుంది. మిరపకాయలు, చింతపండు కూడా ఎండాకాలంలోపే. డబ్బు సర్దుబాటు కాకపోతే ముగ్గురు నలుగురు ఇళ్లవాళ్లు కలిసి ఒక బస్తా తీసుకుని పంచుకోండి, నెల్లూరోళ్లు స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ అంగళ్లలో ఇట్ట తెచ్చుకోవచ్చు. కారం మాత్రం ఏడాదికి ఒకేసారి ఆడించకండి, కాయలు తొడిమలు తీసి ఎండబెట్టి దాచి రెండు మూడు నెలలకోసారి మిల్లుకి పంపండి, రంగూ ఘాటూ పోవు. బాగా ఎర్రగా, చవగ్గా ఉన్న విడి కారం జోలికి పోవద్దు.

ప్రశ్న: వారానికి ఒకసారి చేపల పులుసు లేకపోతే మా ఇంట్లో ఒప్పుకోరు. వంజరం, చందువ కొనలేకపోతున్నాం, ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: పులుసు మానకండి, చేప మార్చండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు వేటకి పోవు, ఆ 61 రోజులు సముద్రపు చేప ధర మండిపోతుంది, అప్పుడు చెరువు చేప శీలావతి, బొచ్చె తెచ్చుకోండి, మామిడికాయ కూడా అప్పుడే వస్తుంది, పులుసుకి ఆ కాలం బాగుంటుంది. మిగతా నెలల్లో నెత్తళ్లు, కవళ్లు చూడండి, చిన్నచేపలని తీసిపారేస్తారు గానీ నెత్తళ్లు ముల్లుతోసహా తింటాం కాబట్టి పిల్లలకి కాల్షియం అందుతుంది, వంజరం ముక్కలో అది రాదు. చేప మీద పిండే నిమ్మకాయ కూడా ఎండాకాలంలో గూడూరు మార్కెట్లోనే ధర ఎక్కుతుంది, వానాకాలం చలికాలాల్లో దిగినప్పుడు ఊరగాయ పెట్టేసుకుని, రసం పిండి ఉప్పు కలిపి ఫ్రిజ్‌లో గాజుసీసాలో దాచుకోండి, ఎండలొచ్చాక కాయ పది రూపాయలు పెట్టి కొనే అవసరం తగ్గుతుంది.