తాత చేసిన ఉద్యోగమే మనవరాలికి వచ్చింది, చేర్చాలా?

ప్రశ్న: మా నాన్నగారు పల్లెటూళ్లో ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) బ్రాంచి పోస్టుమాస్టరుగా 65 ఏళ్లు నిండేదాకా పనిచేశారు. రెండెకరాల పొలం కూడా చూసుకుంటూ మా నలుగురినీ చదివించారు. ఇప్పుడు ఆయనకు 91 ఏళ్లు. మా అమ్మాయి బీఎస్సీ పూర్తిచేసింది. పదో తరగతి మార్కులతో జీడీఎస్ (గ్రామీణ డాక్ సేవక్) బీపీఎంగా, అంటే బ్రాంచి పోస్టుమాస్టరుగానే ఎంపికైంది. తాతలాగే బతుకుతానంటోంది. డిగ్రీ చదివిన పిల్లను ఇందులో చేర్చవచ్చా?
- ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: చేర్చండి. కాకపోతే, మీ నాన్నగారి సంసారం దేని మీద నిలబడిందో ముందు అమ్మాయికి వివరంగా చెప్పండి.

ఒక్క పోస్టాఫీసు జీతంతో మీ నలుగురి చదువులు సాగలేదు. పొలం ఉంది. తపాలా సంచి వచ్చే వేళకు ఆయన ఆఫీసులో ఉంటే చేలో కూలీల వెంట ఎవరున్నారో మీకే బాగా తెలుసు. మీ అమ్మగారి కష్టం అందులో తక్కువేమీ ఉండదు. అసలు ఈడీ వ్యవస్థే అలాంటిది: రోజుకు కొన్ని గంటల పని, మిగతా బతుకుతెరువు ఎవరిది వాళ్లే చూసుకోవాలి. పేరు జీడీఎస్‌గా మారినా, వేరే ఆదాయ మార్గం ఉండాలన్న షరతు ఇప్పటికీ నోటిఫికేషన్‌లో ఉంటుంది. ఈడీలది సివిల్ పోస్టేనని, అంటే ప్రభుత్వ కొలువేనని సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. అయినా రెగ్యులర్ ఉద్యోగులకుండే పే స్కేళ్లు, పెన్షన్ వీళ్లకు లేవు. ఇన్నేళ్లు చాకిరీ చేసినవాళ్లకు ఇది అన్యాయమనే నా అభిప్రాయం. కానీ నిర్ణయం తీసుకునేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చూడాలి.

బీపీఎంకు 2018 నుంచి మూల భత్యం రూ.12,000తో మొదలై రూ.29,380 దాకా వెళుతుంది. ఏటా 3 శాతం పెరుగుతుంది, డీఏ అదనం. సొంత ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండి చేసుకుంటే ఫరవాలేదు. దూరం జిల్లాలో పోస్టు వచ్చి ఇల్లు అద్దెకు తీసుకోవాల్సి వస్తే చేతిలో మిగిలేది కొద్దే.

పని కూడా తాతగారి కాలం నాటిది కాదు. ఉత్తరాలు తగ్గాయి, డబ్బు పని పెరిగింది. నెలనెలా కట్టే ఆర్డీలు, సుకన్య సమృద్ధి ఖాతాలు, గ్రామీణ తపాలా జీవిత బీమా, 2018లో మొదలైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ఖాతాలు... వీటన్నిటికీ టార్గెట్లుంటాయి, పై నుంచి ఫోన్లుంటాయి. ఆ టెన్షన్ ఉంటుందని అమ్మాయికి ముందే తెలియాలి. పింఛన్లు ఇచ్చే రోజున ముసలమ్మల వేళ్లు అరిగిపోయి మిషన్ మీద వేలిముద్ర పడదు. తడిగుడ్డతో తుడిచి, బొటనవేలు కాకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే ఇంకొకటి పెట్టించి చూడాలి. ఆ ఓపిక ఉంటే ఊరంతా ఈ అమ్మాయిని సొంత మనిషిలా చూసుకుంటుంది. ఇంకో సంగతి గట్టిగా చెప్పండి: ఆఫీసు డబ్బు ఒక్క పూటకైనా ఇంటి అవసరానికి వాడకూడదు. రేపు కట్టేస్తానన్నా కుదరదు. తనిఖీలో తేలితే పుట్ ఆఫ్ డ్యూటీ (విధుల నుంచి పక్కన పెట్టడం), ఆ తర్వాత ఉద్యోగమే పోవచ్చు.

తాతకు, మనవరాలికి తేడా ఉండాల్సింది ఒక్కచోటే. ఆయన బీపీఎంగా చేరి బీపీఎంగానే దిగారు. ఈ అమ్మాయి అలా ఆగకూడదు. నిర్ణీత సర్వీసు పూర్తయ్యాక శాఖాపరమైన పరీక్షలు రాసి ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్), పోస్ట్‌మ్యాన్, పోస్టల్ అసిస్టెంట్ పోస్టులకు వెళ్లవచ్చు. పోస్ట్‌మ్యాన్ మూల వేతనం రూ.21,700, పోస్టల్ అసిస్టెంట్‌ది రూ.25,500. ఇవి రెగ్యులర్ ఉద్యోగాలు. అక్కడి నుంచి ఇన్‌స్పెక్టర్ పరీక్షకూ దారి ఉంది. డిగ్రీ ఉంది కాబట్టి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్సెస్సీ సీజీఎల్‌ కూడా ఈలోగా రాస్తుండవచ్చు. మధ్యాహ్నం నుంచి ఖాళీ దొరికే ఉద్యోగం చదువుకునేవాళ్లకు నిజంగా వరమే. ఆ ఖాళీని ఇంటి పనులతో నింపేయకుండా చూసే బాధ్యత మాత్రం మీది. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కూడా ఈ మాట అవతలివాళ్లతో ముందే అనండి.

సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లేలోపు ఇద్దరూ కలిసి ఆ బ్రాంచి ఉన్న ఊరికి ఒకసారి వెళ్లి రండి. బీపీఎం ఆ ఊళ్లోనే నివాసం ఉండాలి, ఆఫీసుకు చోటు కూడా తనే చూసుకోవాలి. అద్దె గది దొరుకుతుందా, ఫోన్ సిగ్నల్ అందుతుందా, నగదు తెచ్చుకునే సబ్ పోస్టాఫీసు ఎంత దూరం, బస్సు ఏ వేళకుంది అన్నవి అక్కడ ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లనే అడిగి తెలుసుకోండి.